ష్వైట్జర్ జయంతికి ఆర్గన్ కచేరీ: ఏం వాయించాలి, ఎలా వాయించాలి

జనవరి 14 ఆల్బర్ట్ ష్వైట్జర్ పుట్టినరోజు. 1875లో అల్జాస్‌లోని కైజర్స్‌బర్గ్‌లో పుట్టి గూన్స్‌బాఖ్‌లో పెరిగారు. తొమ్మిదో ఏటనే ఊరి చర్చిలో ఆర్గన్ ముందు కూర్చున్నారు. 1913లో గాబన్‌లోని లాంబరేనేకి వైద్యుడిగా వెళ్లారు. 1965లో అక్కడే కన్నుమూశారు.

ఆయన పేరున కచేరీ అనగానే చాలామంది బాఖ్ డి మైనర్ టొకాటా ఎత్తుకుని, ఉన్న స్టాప్‌లన్నీ (ఒక్కో పైపుల వరుసను పలికించే మీటలు) లాగేస్తారు. అది ఆయన పద్ధతి కాదు. 1896లో స్టుట్‌గార్ట్‌లో ఓ కొత్త భారీ ఆర్గన్ మీద బాఖ్ ఫ్యూగ్ (ఒకే రాగాన్ని పలు పంక్తులు ఒకదాని వెంట ఒకటి అందుకునే రచన) విని, ఏ స్వరపంక్తీ విడిగా వినపడక నిరాశపడ్డారు. ఆ తర్వాత సిల్బర్‌మన్, కవాయే-కోల్ అనే తయారీదారుల పాత ఆర్గన్లను కాపాడటానికి ఏళ్ల తరబడి పోరాడారు. ప్రతి పంక్తీ స్పష్టంగా వినిపించాలి, చెవి అందుకోలేని వేగం వద్దు అనేవారు. చీమను తొక్కకుండా అడుగేసే మనిషి సంగీతంలో కోరుకున్నదీ ఆ జాగ్రత్తే. కాబట్టి కార్యక్రమం 50 నిమిషాలు చాలు, అందులో సగానికి పైగా మెల్లగా వాయించేవే ఉండాలి.

ముందు చలి సంగతి చూసుకోవాలి. జనవరిలో చల్లబడిన చర్చిని కచేరీకి గంట ముందు వేడి చేస్తే శ్రుతి చెడుతుంది. ఈలలా పలికే ఫ్లూ పైపుల శ్రుతి గాలి వేడెక్కేకొద్దీ పెరుగుతుంది, ఒక డిగ్రీకి దాదాపు 3 సెంట్లు. అర్ధస్వరం అంటే 100 సెంట్లు. హార్మోనియంలో లాగా లోపల ఇత్తడి రేకు కంపించే రీడ్ పైపులు మాత్రం దాదాపు ఉన్నచోటే ఉంటాయి. ఆరు డిగ్రీలు పెరిగితే ఈ రెండింటి మధ్య 18 సెంట్ల తేడా వస్తుంది, ఎవరి చెవికైనా తెలిసిపోతుంది. అందుకే వేడి ముందు రోజు నుంచే నెమ్మదిగా పెంచండి. రీడ్లను ఆ రోజు మధ్యాహ్నం, ప్రేక్షకులు ఉన్నప్పటి వేడిలోనే, ఫ్లూ పైపులకు కలపండి. మరీ పొడి వేడి అయితే చెక్క భాగాలు కుంచించుకుపోయి గాలి కారుతుంది, మెట్టు వదిలినా స్వరం ఆగదు. అప్పుడు ఆ స్టాప్ మూసేయండి. అయినా ఆగకపోతే ఆ ఒక్క పైపును పైకి తీసి పక్కన పెట్టండి.

మొదట బాఖ్ ‘ఇఖ్ రూఫ్ త్సు డీర్’, బీడబ్ల్యూవీ (బాఖ్ రచనల జాబితా) 639. ఓర్గెల్‌బ్యుఖ్‌లైన్ అనే బాఖ్ ఆర్గన్ రచనల సంపుటిలో మూడే పంక్తులున్న ఏకైక రచన. కుడిచేతికి వేరే మాన్యువల్‌పై (చేతి మెట్ల వరుసపై) 8 అడుగుల స్టాప్ ఒకటి, ఎడమచేతికి 8 అడుగుల మెత్తని ఫ్లూట్, పెడల్‌కి (పాదాలతో నొక్కే మెట్లకి) 16, 8 చాలు. (8 అడుగులంటే రాసిన స్థాయిలోనే పలికేది, 16 అంటే ఒక స్థాయి కింద.) ఇక్కడ చెడగొట్టేది పెడల్. ఒకే స్వరం వెంట వెంటనే వస్తుంది కనుక ప్రతిసారీ పాదం పూర్తిగా ఎత్తకపోతే, గోడల ప్రతిధ్వనిలో అంతా ఒకే మూలుగైపోతుంది.

తర్వాత ‘గొర్రెలు నిర్భయంగా మేస్తాయి’ అనే ప్రసిద్ధ ఆరియా, బీడబ్ల్యూవీ 208 నుంచి. వేటంటే ఇష్టపడే ఒక డ్యూక్ పుట్టినరోజుకు బాఖ్ రాసిన ‘వేట కాంటాటా’లోది ఇది! ఆ మాట ప్రేక్షకులకు చెప్పండి, సరదా వేటను అంగీకరించని మనిషి జయంతిలో అది తెలియడం మంచిది. మూలంలో రెండు రికార్డర్లు (పిల్లనగ్రోవి లాంటి వాద్యాలు) పలుకుతాయి, కాబట్టి వాటి పంక్తులకు 4 అడుగుల ఫ్లూట్ ఒక్కటే సరిపోతుంది.

పక్షుల కోసం హాండెల్ ‘కోకిల, నైటింగేల్’ కాన్సెర్టోలో రెండో భాగం వాయించండి. కొన్ని పాత ఆర్గన్లలో నైటింగేల్ స్టాప్ ఉంటుంది, చిన్న పైపుల కొసలు నీళ్లలో మునిగి కిలకిలలాడతాయి. నీరు తగ్గితే కిలకిల పోయి ఒట్టి ఈల మిగులుతుంది. కచేరీకి ముందు గిన్నె చూసి నింపండి.

నాకు అన్నిటికన్నా ముఖ్యమైనది బీడబ్ల్యూవీ 622, ‘ఓ మెన్ష్, బెవైన్’. దానికి ముందు ష్వైట్జర్ బాల్యంలోని రబ్బరు ఉండేలు సంఘటన చదవండి. ఈస్టర్‌కు ముందరి శ్రమకాలంలో ఓ ఉదయం స్నేహితుడితో కలిసి పిట్టలను కొట్టడానికి వెళ్లి, గురి పెట్టిన క్షణాన చర్చి గంటలు మోగితే, పిట్టల్ని తరిమేసి పరుగున ఇంటికొచ్చేశాడు ఆ పిల్లవాడు. ఈ రచన ఆధారపడిన కీర్తన ఆ శ్రమకాలానిదే. అలంకార స్వరాలు గబగబా దొర్లించకండి, ప్రతి చిన్న స్వరమూ గొంతుతో పాడగలిగినంత నెమ్మదిగా రావాలి. చివర్లో ‘అడాజిస్సిమో’ (చాలా నెమ్మదిగా) అని రాసినచోట మాత్రమే నెమ్మదించండి, చాలామంది రెండు ఆవర్తనాల ముందే మొదలెడతారు.

మెండెల్‌సన్ ఆరో సొనాటాతో పదిహేను నిమిషాలు నిండుతాయి. చివరికి బాఖ్ బీడబ్ల్యూవీ 668.

మధ్యలో చదవడానికి ఇంకో భాగం ఉంది. లాంబరేనేలో ఒక పిల్ల గద్దను రక్షించాక దాన్ని బతికించాలంటే రోజూ చేపల్ని చంపాలి. ఆ బరువును ఆయన దాచలేదు. 1915లో ఒగూవే నదిపై నీటిగుర్రాల మంద మధ్య పడవ సాగుతుండగా ‘జీవం పట్ల భక్తి’ అన్న మాట తట్టిన వృత్తాంతం అందరికీ తెలిసిందే, దీన్ని చదివితే ఆ మాట బరువు తెలుస్తుంది. తెలుగు శ్రోతలుంటే, 1935లో భారతీయ చింతనపై పుస్తకం రాసి అహింసను చర్చించారని కూడా చెప్పండి.

పెంపుడు జంతువులను రానిస్తే 2 అడుగుల స్టాప్‌లు, మిక్స్చర్లు (ఒక్క మెట్టుకే పలు ఎత్తు పైపులను కలిపి పలికించే స్టాప్‌లు) వాడకండి. మనకు వినపడని ఎత్తు స్వరాలు కుక్కలకు వినిపిస్తాయి. పిల్లుల బుట్టలు పైపులకు దూరంగా, తలుపు దగ్గర ఉంచండి.

విరాళాల పెట్టె ఆ తలుపు పక్కనే పెట్టండి. ఆయన కూడా ఆసుపత్రి అప్పులు తీర్చడానికి 1920లో స్వీడన్‌లో ఊరూరా ఆర్గన్ కచేరీలు చేశారు. పోగైన డబ్బు దగ్గర్లోని జంతు సంరక్షణ కేంద్రానికి పంపి, రసీదు చర్చి నోటీసు బోర్డుపై అంటించండి.