జర్నలిస్ట్ అంటే ఎవరు?

2005లో శాన్‌ఫ్రాన్సిస్కోలో జరిగిన ఓ నిరసనని జోష్ వుల్ఫ్ అనే కుర్రాడు వీడియో తీశాడు, ప్రసారం కాని ఫుటేజ్‌ని గ్రాండ్ జ్యూరీ (అమెరికాలో నేరం మోపాలా వద్దా అని తేల్చే పౌరుల బృందం) అడిగితే ఇవ్వనన్నాడు. అందుకు 226 రోజులు జైల్లో గడిపాడు. ఏ పత్రికలోనూ ఉద్యోగి కాదు, బ్లాగు రాసుకునే ఫ్రీలాన్సర్, కాబట్టి అసలు ఇతను జర్నలిస్టేనా అని వాదన మొదలైంది. నాకైతే ఆ ప్రశ్నే తప్పు. మెడలో ఐడీ కార్డు ఉందా అని కాదు, జనానికి చెప్పడానికే సమాచారం సేకరించాడా అని చూడాలి.

ఎందుకంటే సమాచారం ఎవరిచ్చారో, ఏం సేకరించారో బయటపెట్టనక్కర్లేదనే జర్నలిస్టుల రక్షణ అసలు కావాల్సింది రిపోర్టర్‌కి కాదు, ఆఫీసులో అందరూ వెళ్లిపోయాక చేతులు వణుకుతుంటే ఫైలు ఫోటో తీసి పంపే గుమాస్తాకి. పేరు బయటపడితే ముందు పోయేది అతని ఉద్యోగమే. 1996లో, సమాచారం ఇచ్చినవాళ్ల పేరు చెప్పనన్న బ్రిటిష్ జర్నలిస్ట్ గుడ్విన్ కేసులో యూరప్ మానవ హక్కుల కోర్టు కూడా, అలాంటి సోర్స్‌కి రక్షణ పత్రికా స్వేచ్ఛకి ప్రాథమిక షరతుల్లో ఒకటని చెప్పింది.