రెండేళ్ల కార్డు

2024 సెప్టెంబరులో ఒక ఆదివారం, టెక్సస్‌లోని ఇర్వింగ్‌లో నా అపార్ట్‌మెంట్ వంటగది బల్ల మీద నా పెళ్లి ఫోటోలను తేదీల వరుసలో పేర్చుకుంటూ కూర్చున్నాను. విడాకుల తీర్పు వచ్చి అప్పటికి మూడు వారాలైంది. జీలకర్ర బెల్లం, తలంబ్రాలు, అప్పగింతలు: ఒక్కొక్క ఫోటో కింద అందులో ఎవరెవరున్నారో, ఎక్కడ తీశారో ఇంగ్లీషులో రాయాలి. తెగిపోయిన పెళ్లి ఒకప్పుడు నిజంగానే ముడిపడిందని అమెరికా ప్రభుత్వానికి చూపించే పని అది. ఫోటోలో నవ్వుతున్న మనిషిని “నా మాజీ భర్త” అని రాయాలా, “నా భర్త” అని రాయాలా అన్న దగ్గరే ఆ మధ్యాహ్నం చాలాసేపు ఆగిపోయాను.

మా పెళ్లి 2021 శ్రావణంలో విజయవాడలో జరిగింది. ఆయన అప్పటికే అమెరికా పౌరుడు. నా వీసా ఇంటర్వ్యూ ముంబయిలో పూర్తయి, నేను డల్లాస్‌లో దిగేసరికి 2023 జనవరి వచ్చింది. ఇలా వచ్చిన భార్యకైనా భర్తకైనా, అమెరికాలో అడుగుపెట్టిన రోజుకు పెళ్లయి రెండేళ్లు నిండకపోతే, షరతులతో కూడిన శాశ్వత నివాసం మాత్రమే ఇస్తారు. దానికిచ్చే గ్రీన్ కార్డును మనవాళ్లు రెండేళ్ల కార్డు అంటారు. ఉద్యోగానికీ రాకపోకలకూ అది షరతుల్లేని పదేళ్ల కార్డుతో సమానమే. తేడా అంతా గడువు దగ్గర బయటపడుతుంది. కార్డు గడువు ముగిసే ముందు 90 రోజులలోపు భార్యాభర్తలిద్దరూ సంతకాలు చేసి, ఆ షరతు తీసేయమని ఐ-751 అనే దరఖాస్తు పెట్టాలి. ఏ దరఖాస్తూ పెట్టకుండా ఆ తేదీ దాటితే హోదా దానంతటదే రద్దవుతుంది. నేను ఇంకో ఏడు నెలలు ఆలస్యంగా విమానం దిగి ఉంటే నాకు పదేళ్ల కార్డే వచ్చేది, ఈ వ్యాసం రాయవలసిన అవసరమూ ఉండేది కాదు.

మేము ఎందుకు విడిపోయామన్నది ఇక్కడ రాయను. ఆ కథలో ఇద్దరికీ వాటా ఉంది, ఒక్కరే చెప్పడం న్యాయం కాదు. 2024 ఫిబ్రవరిలో నేను వేరే ఇంటికి మారాను. ఆ వారమే మా మేనమామ ఫోన్ చేసి, “అమ్మలూ, ఇంకెంత, పదకొండు నెలలే కదా, ఎలాగోలా నెట్టుకురా. పెద్ద కార్డు చేతికొచ్చాక నీ ఇష్టం” అన్నారు. ఆ మాటలో నా మీద ప్రేమ తప్ప మరేమీ లేదని నాకు తెలుసు. కాని వేరువేరు ఇళ్లలో ఉంటున్న ఇద్దరు కలిసి కాపురం చేస్తున్నట్లు కాగితం మీద చూపించి, అబద్ధమైతే శిక్షకు ఒప్పుకుంటామన్న వాక్యం కింద సంతకం చేయడమంటే, అంతవరకూ నిజమైన పెళ్లిని ఆ రోజు నుంచి దొంగ పెళ్లిగా మార్చుకోవడమే. మామయ్యకు తెలియనిది ఇంకొకటి ఉంది, నాకూ అప్పటికి తెలియదు: చట్టంలోనే మరో దారి ఉంది. నేను మొదట డబ్బు కట్టి సలహా అడిగిన ఒక కన్సల్టెంటు, విడాకులైతే కార్డు పోయినట్లేనని, సామాను సర్దుకోవడమే మిగిలిందని తేల్చి చెప్పాడు. ఆ మాట నమ్మి రెండు నెలలు సరిగా నిద్రపోలేదు. తరువాత ఒక ఇమిగ్రేషన్ లాయరు దగ్గర అరగంట కూర్చున్నాక తెలిసింది, అతను చెప్పింది శుద్ధ తప్పని.

ఈ షరతు 1986లో వచ్చింది. గ్రీన్ కార్డు కోసమే జరిగే దొంగ పెళ్లిళ్లను పట్టుకోవడానికి ఆ ఏడు అమెరికా కాంగ్రెస్ ఒక చట్టం చేసి, కొత్త పెళ్లి మీద వచ్చిన నివాసానికి రెండేళ్ల పరీక్ష పెట్టింది. పెళ్లి మధ్యలో విఫలమైనవారికి అప్పుడే ఒక మినహాయింపు ఇచ్చారు గాని, వలస వచ్చిన మనిషే తగిన కారణంతో పెళ్లిని రద్దు చేసుకుని ఉండాలన్న మెలిక దానిలో ఉండేది. అంటే ఎవరు వదిలేశారు, ఎందుకు వదిలేశారు అన్నది ఆనాడు చట్టమూ అడిగేది, మన బంధువులు అడిగినట్లే. 1990లో ఆ మెలికను తీసేశారు. ఇప్పుడు ముఖ్యంగా చూపించవలసింది రెండు: పెళ్లి సద్బుద్ధితో జరిగిందని, అది చట్టప్రకారం ముగిసిందని. విడాకులు ఎవరు కోరారన్నదానితో పని లేదు. ఆ ఏడాదంతా విజయవాడ నుంచి వచ్చిన ప్రతి ఫోనూ “ఎందుకిలా జరిగింది” అనే అడిగింది. మొదట్లో మీరిద్దరూ నిజంగా ఒకరినొకరు కోరుకున్నారా అని అడిగింది ప్రభుత్వ కార్యాలయం ఒక్కటే.

ఇక్కడ చాలామంది తడబడే విషయం ఒకటుంది. వేరుగా ఉండడం చాలదు, ఈ మినహాయింపుకు తుది తీర్పు కావాలి. తీర్పు చేతిలో ఉంటే ఆ 90 రోజుల గడువు కోసం ఎదురుచూడనక్కర లేదు. అంతకు ముందైనా, తరువాతైనా, మాజీ భాగస్వామి సంతకం లేకుండా ఒంటరిగా దరఖాస్తు పెట్టవచ్చు. కేసు నడుస్తుండగానే కార్డు గడువు దగ్గర పడితే ఆ సంగతి చెప్పి దరఖాస్తు పెడతారు. తీర్పు ప్రతి పంపమని అధికారులు తరువాత ఉత్తరం రాస్తారు. కలిసి దరఖాస్తు పెట్టాక విడిపోయినవారు దానినే ఒంటరి దరఖాస్తుగా మార్చమని కోరవచ్చు. హింస అనుభవిస్తున్నవారి సంగతి వేరు. వారు విడాకుల దాకా ఆగనక్కర లేదు, భర్త సంతకం కోసం అతని ముందు నిలబడనక్కర లేదు; వారికి వేరే మినహాయింపు ఉంది. కార్డు భయంతో దెబ్బలు ఓర్చుకుంటున్న అమ్మాయిలు మన సంఘంలో ఉన్నారు కనుక ఈ మాట ప్రత్యేకంగా రాస్తున్నాను.

టెక్సస్‌లో విడాకుల పిటిషన్ వేశాక కనీసం 60 రోజులు ఆగాలి. ఎవరి తప్పూ ఎంచకుండా, ఇక కలిసి బతకలేని స్థితి అన్న కారణం మీద విడాకులు ఇస్తారు. మేము మేలో వేశాము, ఇద్దరమూ ఒప్పుకున్నందువల్ల ఆగస్టు చివరికి తీర్పు వచ్చింది. అసలు పని ఆ తరువాత మొదలైంది.

ఉమ్మడి బ్యాంకు ఖాతా, ఇద్దరి పేర్ల మీద ఇంటి అద్దె ఒప్పందం, కలిసి వేసిన పన్ను రిటర్ను, ఒకే కారు బీమా, ఆయన ఉద్యోగం ద్వారా వచ్చిన ఆరోగ్య బీమాలో నా పేరు: ఇవన్నీ తేలికగానే దొరికాయి. శుభలేఖ, కళ్యాణ మండపం అద్దె రసీదు, రిజిస్ట్రారు ఇచ్చిన సర్టిఫికెట్ అమ్మ కొరియర్‌లో పంపింది. పెళ్లినీ కాపురాన్నీ కళ్లారా చూసినవారి ప్రమాణ పత్రాలు కావాలంటే, పై అంతస్తులో ఉండే అక్క ఒకటి రాసింది. రెండోది ఆయన చిన్నాన్న కూతురు రాసి ఇచ్చింది. ఆ పిల్ల ధైర్యానికి నేను జీవితాంతం రుణపడి ఉంటాను. మిగిలినవి వాట్సాప్ సందేశాలు. ఇంగ్లీషు కాని ప్రతి కాగితానికీ పూర్తి అనువాదం జతచేయాలి, అనువదించినవారు తమకు రెండు భాషలూ వచ్చని సంతకం చేయాలి. ఒక స్నేహితురాలు పదిహేను పేజీలు అనువదించింది. “తిన్నావా”, “సాంబారు ఫ్రిజ్‌లో ఉంది, వేడి చేసుకో”, “వచ్చేటప్పుడు కొత్తిమీర”, “అలిగావా?” ఇందులో అలగడం అన్న మాట దగ్గర ఆమె ఆగిపోయి నాకు ఫోన్ చేసింది. కోపం అని రాస్తే సరిపోదు, బాధ అని రాసినా సరిపోదు. చివరికి, దగ్గరివాళ్ల మీద మాత్రమే వచ్చే కోపమని వివరణ రాసింది. ఆ పేజీ చదివి నేను ఏడ్చాను. కోర్టులో నాకు కన్నీళ్లు రాలేదు.

దరఖాస్తు రుసుము 750 డాలర్లు. ఇల్లు మారిన పది రోజులలోపు కొత్త చిరునామా ఇమిగ్రేషన్ శాఖకు తెలపాలన్న నియమం చిన్నదిగా కనిపిస్తుంది గాని, విడిపోయినవారికి అదే ప్రాణం. లేకపోతే మన ఉత్తరాలన్నీ పాత ఇంటికే వెళతాయి. దరఖాస్తు అందినట్లు వచ్చే ఉత్తరం పాత కార్డు చెల్లుబాటును 48 నెలలు పొడిగిస్తుంది. గడువు దాటిన కార్డు, ఆ కాగితం పట్టుకుని నేను ఒకసారి విజయవాడ వెళ్లి వచ్చాను. తిరుగు ప్రయాణంలో కౌంటరులోని అబ్బాయి రెండింటినీ మార్చి మార్చి చూసి, లోపలికి వెళ్లి ఎవరినో అడిగి వచ్చేసరికి ఇరవై నిమిషాలు పట్టింది. ఆ కాగితం అసలు ప్రతినే దగ్గర ఉంచుకోవాలి.

అక్కడికి వెళ్లినప్పుడే ఇంకో లాయరును కలిశాను. అమెరికా తీర్పు ఇండియాలో చెల్లుతుందనుకోవడం మనవాళ్లలో మరో భ్రమ. తిరుపతిలో పెళ్లి చేసుకున్న ఒక జంట విషయంలో భర్త మిస్సోరీ కోర్టులో విడాకులు తెచ్చుకుంటే, 1991లో భారత సుప్రీంకోర్టు వాటిని గుర్తించలేదు. హిందూ వివాహ చట్టంలో లేని కారణం మీద విదేశీ కోర్టు ఇచ్చిన తీర్పు సాధారణంగా ఇండియాలో చెల్లదు. అయితే అవతలి పక్షం తనంతట తాను ఆ తీర్పుకు సమ్మతిస్తే అది మినహాయింపు. మా తీర్పులో ఇద్దరి సమ్మతీ స్పష్టంగా రాసి ఉంది కనుక గండం తప్పింది. సమ్మతి లేనివారు ఇక్కడా అక్కడా రెండు కేసులకూ సిద్ధపడాలి.

పౌరసత్వానికి మూడేళ్ల దారి నాకు మూసుకుపోయింది, అది అమెరికా పౌరుడైన భర్తతో కాపురం చేస్తున్నవారికి. నాకు అందరిలాగే ఐదేళ్లు. రెండేళ్ల కార్డు మీద గడిపిన కాలమూ ఆ లెక్కలోకే వస్తుంది. ఈ సంగతి అమ్మకు చెబితే, “అయితే ఈలోగా ఇంకో సంబంధం చూడనా?” అంది. నేను మళ్లీ పెళ్లి చేసుకుని ఆ భర్తకు గ్రీన్ కార్డు అడిగితే, నాకు నివాసం వచ్చిన ఐదేళ్లలోపైతే మొదటి పెళ్లి నిజమేనని మరోసారి గట్టిగా రుజువు చేయాలని చెప్పాను. అమ్మ కాసేపు ఊరుకుని, “ఆ ఫోటోలు పారేయకు” అంది.

ఇంటర్వ్యూకు పిలిచారు. అధికారి మధ్యవయస్కుడు, నెమ్మదస్తుడు. ఎందుకు విడిపోయారని ఒక్కసారి అడిగాడు. రెండు వాక్యాలలో చెప్పాను, అతను రాసుకోలేదు. తరువాత అనువాదాల కట్ట తీసి, కొత్తిమీర అంటే ఏమిటని అడిగాడు.

కార్డు ఉత్తరాల పెట్టెలోకి వచ్చిన రోజు గడువు కంటే ముందు ఇంకో తేదీ నా కంట పడింది. పదేళ్ల కార్డు మీద కూడా, ఎప్పటి నుంచి నివాసి అన్న చోట తీర్పు తేదీ గాని, దరఖాస్తు తేదీ గాని వేయరు. 2023 జనవరిలో నేను డల్లాస్‌లో దిగిన రోజే వేశారు. ఆ సాయంత్రం ఆయన విమానాశ్రయం బయట నాకోసం ఒక స్వెట్టరు పట్టుకుని నిలబడ్డాడు, చలిగా ఉంటుందని.