టోపీ నంబరు వెనక లెక్క

టోపీ కొనేటప్పుడు ఎస్, ఎం, ఎల్ అక్షరాల్ని నమ్ముకోవద్దు. ఒక కంపెనీ ‘ఎల్’ 59 సెంటీమీటర్లయితే ఇంకో కంపెనీది 60. తల చుట్టుకొలత ఎంతో తెలిస్తే చాలు, మిగతాదంతా లెక్కే.

దర్జీ టేపును కనుబొమలకు రెండు వేళ్లపైన నుదుటి మీద పెట్టి, చెవులకు తగలకుండా కాస్త పైనుంచి తిప్పి, వెనక తల బాగా ఉబ్బెత్తుగా ఉండేచోటు మీదుగా తీసుకురావాలి. ఎక్కువగా తప్పు జరిగేది వెనకే. టేపు మెడ వైపు జారితే కొలత తగ్గిపోతుంది, అందుకని టేపును ఇంకొకరిని పట్టుకోమనండి. మూడుసార్లు కొలిచి, పెద్ద అంకె తీసుకోండి. పాత గుడ్డ టేపు సాగి ఉంటే తల చిన్నదిగా చూపిస్తుంది. ముందు స్టీలు స్కేలు పక్కన పెట్టి సరిచూడండి. తలంటుకున్న రోజు జుట్టు పొంగుతుంది, నూనె రాసి దువ్వితే అణుగుతుంది. టోపీ పెట్టుకునే రోజు జుట్టు ఎలా ఉంటుందో అలాగే ఉంచి కొలవాలి.

ఇక 7¼ లాంటి అంకెలు. అవి చుట్టుకొలత కాదు, వ్యాసం. అమెరికా పద్ధతిలో చుట్టుకొలతను అంగుళాల్లో తీసుకుని 3.14తో భాగిస్తారు. 58 సెంటీమీటర్లంటే 22.8 అంగుళాలు, భాగిస్తే దాదాపు 7¼. అదే టోపీకి బ్రిటన్ సైజు ⅛ తక్కువ, అంటే 7⅛. ఆన్‌లైన్‌లో 7¼ అని చూసి అది ఏ దేశపు అంకో చూడకపోతే ఒక సెంటీమీటరు తేడా వచ్చేస్తుంది. ఎందుకంటే ⅛ అంగుళం వ్యాసం పెరిగితే చుట్టుకొలత 0.39 అంగుళం, అంటే సరిగ్గా సెంటీమీటరంత పెరుగుతుంది.

చార్మినార్ వైపు దుకాణంలో 22 అంటే మాత్రం అది వ్యాసం కాదు, చుట్టూ 22 అంగుళాలు, 56 సెంటీమీటర్లు. అక్కడ అర అంగుళం ఎక్కితే 1.27 సెంటీమీటర్లు పెరిగినట్టే. గట్టి అట్ట ఉన్న టోపీ సాగదు కాబట్టి పెట్టుకుని చూడకుండా తీసుకోవద్దు. నూలు టోపీ ఉతికితే కుంచించుకుపోతుంది. 57.5 వస్తే 58 తీసుకోండి.

కొలత సరిపోయినా ఆకారం కుదరకపోవచ్చు. కోలగా ఉన్న తలకు గుండ్రటి టోపీ పెడితే నుదురు నొక్కుకుంటుంది, పక్కల ఖాళీ ఉంటుంది. అప్పుడు నంబరు పెంచితే ఖాళీ ఇంకా పెరుగుతుందే తప్ప బాధ తీరదు. వేరే ఆకారపు టోపీ వెతుక్కోవడమే మంచిది. మామూలుగా వదులైతే లోపలి పట్టీ కింద ఫోమ్ ముక్క దూర్చవచ్చు. 3 మిల్లీమీటర్ల ఫోమ్ చుట్టూ పెడితే లెక్కకు 19 మిల్లీమీటర్లు తగ్గాలి, కానీ అది నొక్కుకుపోతుంది కాబట్టి అంత రాదు. ముందు నుదుటి దగ్గర చిన్న ముక్కతో మొదలుపెట్టండి.

హెల్మెట్ మీద 580 అని ఉంటే అది మిల్లీమీటర్లు, 58 సెంటీమీటర్లే. టోపీలో ఒక వేలు దూరితే హాయి. హెల్మెట్‌లో దూరకూడదు. అటూ ఇటూ తిప్పితే బుగ్గల చర్మం కూడా దాంతోపాటు కదలాలి. పది నిమిషాలు పెట్టుకుని తీశాక నుదుటి మీద ఒకేచోట ఎర్రగా గుర్తు పడితే అది ఆకారం తప్పు. ఇంకో మోడల్ అడగండి.