పళ్లు కొరికే దవడకు బోటాక్స్: నా అనుభవం

చెవిపోటు అనుకుని మొదట ఈఎన్‌టీ డాక్టరు దగ్గరికి వెళ్లాను. ఆయన చెవిలోకి లైటు వేసి చూసి, "చెవి బాగానే ఉంది, ఒకసారి డెంటిస్టుకు చూపించుకోండి" అన్నారు. పన్ను నొప్పి లేనప్పుడు డెంటిస్టు ఎందుకో నాకు అర్థం కాలేదు. నొప్పల్లా చెవికి ముందు, దవడ మలుపు దగ్గర మొదలై కణతల దాకా పాకేది. పొద్దున లేచేసరికి దవడ బిగుసుకుపోయి, ఆవలింత వస్తే నోరు సగంలోనే ఆగిపోయేది.

డెంటిస్టు నన్ను పళ్లు గట్టిగా బిగించమని చెప్పి, నా చేతి వేళ్లనే నా చెంపల మీద పెట్టించారు. చెవి తమ్మెకు కిందుగా రెండువైపులా కండరం రాయిలా తగిలింది. నమలడానికి వాడే ముఖ్యమైన కండరాల్లో అదొకటి, పేరు మాసెటర్. తర్వాత అద్దం చేతికిచ్చి నోరు తెరిపించారు. కోరపళ్ల మొనలు అరిగి చదునైపోయాయి. నాలుక అంచుల వెంట పళ్ల అచ్చులు, చెంప లోపలివైపు తెల్లటి గీత. "నిద్రలో పళ్లు కొరుకుతున్నారు" అన్నారు. ఇంటికొచ్చి, పక్కన పడుకునే మనిషిని అడిగితే "ఇప్పుడా తెలిసింది నీకు?" అన్న జవాబొచ్చింది.

డాక్టర్లు దీన్ని బ్రక్సిజం అంటారు. నేను వాడే మందుల గురించి డెంటిస్టు వివరంగా అడిగారు, ఎందుకంటే డిప్రెషన్‌కు ఇచ్చే కొన్ని రకాల మాత్రలతో కూడా ఇది రావచ్చట. గురక పెడతానా, నిద్రలో ఊపిరి ఆగినట్టు ఎవరైనా చెప్పారా అనీ అడిగారు. కాఫీ, సిగరెట్, మద్యం సంగతులూ వచ్చాయి. టెన్షన్ కూడా ఒక కారణమే కానీ, అదొక్కటే కాదు. ఈ విషయం తెలిసినవాళ్లలో "టెన్షన్ తగ్గించుకో" అనని మనిషి లేడు. ఆ మాట విన్న ప్రతిసారీ నా పళ్లు ఇంకాస్త బిగుసుకునేవి.

ముందు నైట్ గార్డ్ చేయించారు. పళ్ల మీద తొడిగి పడుకునే గట్టి ప్లాస్టిక్ తొడుగు. పళ్లు అరగడం ఆగింది గానీ నొప్పి తగ్గలేదు, ఎందుకంటే నేను ఇప్పుడు ఆ తొడుగునే కొరుకుతున్నాను. దాని మీద పడిన గాట్లు చూసి డెంటిస్టు, "మాసెటర్‌కు బోటాక్స్ వేసి చూద్దామా?" అన్నారు.

బోటాక్స్ అంటే ముఖం మీద ముడతలకు వేసేదని మాత్రమే నాకు తెలుసు. నిజానికి ముడతలు దాని దారిలో చాలా ఆలస్యంగా వచ్చాయి. శాన్‌ఫ్రాన్సిస్కోలో అలన్ స్కాట్ అనే కంటి డాక్టరు మెల్లకన్నును సరిచేయడానికి దీన్ని వాడి చూశారు. అమెరికాలో 1989లో అనుమతి వచ్చింది కూడా మెల్లకన్నుకు, కనురెప్పలు ఆపుకోలేనంతగా బిగుసుకుపోయే జబ్బుకు. కనుబొమల మధ్య గీతలకు అనుమతి 2002లో గానీ రాలేదు. పళ్లు కొరకడానికి అక్కడ విడిగా అనుమతి లేదు. డాక్టర్లు తమ అనుభవం మీద వాడుతున్నారు. ఆ సంగతి ముందే చెప్పి, అది రాసి ఉన్న కాగితం మీదే నా సంతకం తీసుకున్నారు. దాచకుండా చెప్పారు కాబట్టే నాకు ధైర్యం వచ్చింది.

ఇది పనిచేసే తీరు తేలిగ్గానే అర్థమవుతుంది. నరం చివర అసిటైల్‌కొలిన్ అనే రసాయనం విడుదలైతేనే కండరం బిగుస్తుంది. ఈ మందు ఆ విడుదలను అడ్డుకుంటుంది. కొన్ని నెలలకు నరం మళ్లీ కోలుకుంటుంది, మందు ప్రభావం పోతుంది. గర్భం, పాలివ్వడం, మయస్థీనియా గ్రావిస్ లాంటి కండరాల బలహీనత జబ్బులు ఉంటే వద్దంటారు. రక్తం పలచబడే మందులు వాడుతున్నానా అని కూడా అడిగారు.

చెవి తమ్మె నుంచి పెదవి మూల దాకా పెన్సిల్‌తో ఒక గీత గీశారు. సూదులన్నీ ఆ గీతకు కిందే పడాలి. మరీ ముందుకు జరిగితే మందు నవ్వే కండరానికి పాకి మూతి వంకరగా కనిపించే ప్రమాదం ఉందట. పళ్లు బిగించమని, కండరం ఉబికిన చోట చుక్కలు పెట్టి, సన్నటి సూదితో ఒక్కో చుక్క దగ్గరా కొంచెం కొంచెం ఎక్కించారు. చర్మం దాటేటప్పుడు చురుక్కుమంది, లోతుకు దిగాక బరువుగా ఒక పోటు. నాకు ఒక్కో వైపు 25 యూనిట్లు. అయితే ఒక బ్రాండు యూనిట్లు ఇంకో బ్రాండుతో సమానం కావు కాబట్టి ఈ అంకె పట్టుకుని ఎవరూ పోల్చుకోకూడదు. కొన్ని గంటలు పడుకోవద్దు, చెంపలు రుద్దొద్దు అని చెప్పి పంపించేశారు.

మొదటి వారం ఏమీ తెలియలేదు. రెండో వారంలో ఒక పొద్దున ఆవలిస్తే నోరు పూర్తిగా తెరుచుకుంది. కణతల నొప్పి కూడా మెల్లగా సద్దుమణిగింది. కానీ ఎవరూ గట్టిగా చెప్పని ఇబ్బంది ఒకటుంది. గట్టివి నమలాలంటే భోజనం మధ్యలోనే దవడ అలిసిపోయేది. పైగా నమిలేటప్పుడు ఎడమ చెంప మీద చిన్న బుడిపె లేచేది. అద్దంలో చూసుకుని హడలిపోయాను. కండరంలో మందు అందని పైపొర తానొక్కటే బిగుసుకుంటోందని చెప్పి, డాక్టరు అక్కడ ఇంకొంచెం మందు వేశారు. తర్వాత అది లేవలేదు.

పళ్లు కొరకడం మాత్రం ఆగలేదు. నిద్ర మధ్యలో పలచబడినప్పుడు మెదడు నుంచి వచ్చే ఆదేశమది. సూది దాన్ని ఆపలేదు, కండరం బలాన్ని మాత్రమే తగ్గిస్తుంది. అందుకే నైట్ గార్డ్ మానలేదు. నొప్పి తగ్గాక గానీ నాకు తెలియని విషయం ఇంకొకటుంది. పగలు మెయిళ్లు చదివేటప్పుడు కూడా పళ్లు బిగించే ఉంచుతున్నాను. పెదవులు కలిసి, పళ్లు విడిగా, నాలుక అంగిలికి ఆని ఉండాలని ఫిజియోథెరపిస్టు నేర్పారు. కంప్యూటర్ అంచుకు ఒక ఎర్ర చుక్క అంటించుకున్నాను. అది కంటపడినప్పుడల్లా పళ్లు విడదీయడమే పని. నొప్పి ఉన్న రోజుల్లో ఇదే మాట ఎవరైనా చెబితే కోపం వచ్చేది. బోటాక్స్ నాకు చేసిన అసలు మేలు, ఈ అలవాటు పట్టుబడేంత ఊపిరి ఇవ్వడమే అనుకుంటున్నాను.

నాలుగు నెలలు తిరిగేసరికి దవడకు పాత బలం వచ్చింది, నొప్పి కొంతే వచ్చింది. రెండోసారి తక్కువ మోతాదులో వేయించుకున్నాను. మూడోసారికి డాక్టరే ఆగుదామన్నారు. మళ్లీ మళ్లీ వేస్తే దవడ ఎముక పలచబడవచ్చని కొన్ని పరిశోధనల్లో కనిపించింది, కొన్నింటిలో కనిపించలేదు. అవసరం లేనప్పుడు ఎందుకు అన్నది ఆవిడ వాదన, నాకూ అదే సబబనిపించింది. పని ఒత్తిడి ఎక్కువున్న వారాల్లో కణతలు సలుపుతాయి. అప్పుడు వేడి కాపడం పెట్టుకుంటాను.

నోరు తెరిస్తే దవడలో టిక్కుమనే చప్పుడు ఇప్పటికీ ఉంది. అది దవడ కీలులో ఎముకల మధ్య మెత్తలా ఉండే డిస్కుకు సంబంధించింది, కండరానికి వేసే సూదితో పోదు. నొప్పి లేకపోతే దాని జోలికి వెళ్లనక్కర్లేదన్నారు, నేనూ వెళ్లట్లేదు.