ముగ్గు మీద అడుగులు పడలేదు

పోయిన ఆగస్టులో మా అపార్ట్‌మెంట్ డాబా మీద, మూలన పడేసిన పాత కూలర్‌లో ఒక వీధిపిల్లి మూడు పిల్లల్ని పెట్టింది. కాకినాడలో మాది మూడో అంతస్తు, ఆ పైన డాబాయే. బట్టలు ఆరేయడానికి వెళ్లినప్పుడల్లా మా అమ్మాయి దూరం నుంచే వాటిని చూసి వచ్చేది. ఒక సాయంత్రం పరుగెత్తుకుంటూ కిందికొచ్చి, "అమ్మా, రెండు లేవు. ఒక్కటే ఉండి ఏడుస్తోంది" అంది.

వెంటనే తెచ్చేద్దామని నేను లేచాను. అత్తయ్య ఆపారు. "పిల్లి తన పిల్లల్ని ఏడిళ్లు తిప్పుతుందమ్మా. రెండింటిని తీసుకెళ్లింది, మూడోదాని కోసం రాదా? మనం తెచ్చేసుకుంటే అది వచ్చి వెతుక్కుంటుంది పాపం" అన్నారు. రాత్రి పదింటికి ఆవిడే మెట్లెక్కి, కూలర్ చుట్టూ పల్చగా బియ్యప్పిండి చల్లారు. తల్లి వస్తే పిండిలో అడుగులు పడతాయి, రాకపోతే పిండి అలాగే ఉంటుంది. పిల్లుల్ని కాపాడే వాళ్లు కూడా ఇలాగే పిండి చల్లి చూస్తారని నాకు తరవాత తెలిసింది. దారిలో పిల్లిపిల్ల ఒంటరిగా కనిపిస్తే దిక్కులేనిదనుకుని ఎత్తుకొచ్చేస్తాం. చాలాసార్లు తల్లి తిండి కోసమే వెళ్లి ఉంటుంది. అత్తయ్య చెప్పకపోతే నేనూ అదే పని చేసేదాన్ని.

తెల్లారి ఐదింటికి వెళ్లి చూస్తే ముగ్గు చెదరలేదు. ఒక్క అడుగూ లేదు. పిల్లకి అరిచి అరిచి గొంతు పోయింది, నోరు తెరుస్తోంది గానీ శబ్దం రావడం లేదు. నలుపూ ఇటుకరంగూ కలిసిపోయి, వేయించిన చింతపిక్కలా ఉంది. ఆ పేరే పెట్టాం.

చేతిలోకి తీసుకుంటే పాదాలు మంచులా చల్లగా ఉన్నాయి. ఆకలేస్తోంది కదా అని, ప్యాకెట్ పాలు గోరువెచ్చగా చేసి, ఒళ్లో వెల్లకిలా పడుకోబెట్టి ఇంకు ఫిల్లర్‌తో పట్టాను. మనుషుల పిల్లల్ని పెంచిన అలవాటు. నాలుగు చుక్కలు లోపలికి పోయాయో లేదో, ముక్కులోంచి పాలు బయటికొచ్చాయి. మధ్యాహ్నానికి విరేచనాలు పట్టుకున్నాయి. అంత చిన్న ఒంట్లోంచి పసుపు నీళ్లలా పోతుంటే నాకు చేతులు ఆడలేదు.

పశువుల డాక్టరు గారు ముందుగా దాని నోట్లో వేలు పెట్టి చూశారు. "చల్లగా ఉందమ్మా. చల్లబడిన పిల్లకి పాలు పట్టకూడదు, కడుపులో అరగవు. ముందు వెచ్చబరచాలి, ఆ తరవాతే ఆకలి సంగతి" అన్నారు. వెల్లకిలా పట్టిన పాలు ఊపిరితిత్తుల్లోకి పోతే న్యుమోనియా వస్తుందనీ, తల్లి దగ్గర తాగినట్టే బోర్లా ఉంచి పట్టాలనీ చూపించారు. ఆవుపాలు, గేదెపాలు, ప్యాకెట్ పాలు ఏవీ పనికిరావు. వాటిలో లాక్టోజ్ అనే చక్కెర ఎక్కువ, పిల్లి పాలలో ఉన్నంత ప్రొటీను ఉండదు. పిల్లిపిల్లల కోసమే చేసిన పాలపొడి పెట్ షాపుల్లో దొరుకుతుంది. నలుపు, ఇటుకరంగు కలిసిన పిల్లి దాదాపుగా ఆడదే అవుతుందని కూడా ఆయనే చెప్పారు. ఇటుకరంగు జన్యువు ఎక్స్ క్రోమోజోము మీద ఉంటుంది, రెండు రంగులూ పడాలంటే రెండు ఎక్స్‌లు కావాలి, మామూలుగా అవి ఆడవాటికే ఉంటాయి. ముందు పళ్లు అప్పుడే చిగుళ్లలోంచి పొడుచుకొస్తున్నాయి కాబట్టి వయసు సుమారు 3 వారాలు. బరువు 260 గ్రాములు, ఆ వయసుకి తక్కువే.

ఇంటికి రాగానే అట్టపెట్టె సర్దాం. అత్తయ్య తన పాత స్టీలు మరచెంబులో వేడినీళ్లు పోసి, నూలు చీర ముక్క నాలుగు మడతలు చుట్టి, పెట్టెలో ఒక పక్కనే పెట్టారు. రెండో పక్క ఖాళీగా వదలాలి, మరీ వేడనిపిస్తే పిల్ల అటు జరుగుతుంది. గంట గడిచాక పాదాలు వెచ్చబడ్డాయి. అప్పుడు పాలపొడి కలిపి బోర్లా ఉంచి పడితే, ముందు కాళ్లతో నా వేలిని ఒత్తుతూ తాగింది. ఒక్కోసారికి 10, 12 మిల్లీలీటర్లు, నాలుగు గంటలకోసారి. రాత్రి రెండింటి వంతు మావారిది, ఉదయం ఆరింటిది నాది.

నాకు బొత్తిగా తెలియని విషయం ఇంకొకటుంది. ఆ వయసు పిల్ల తనంతట తాను మూత్రం కూడా సరిగా పోయలేదు. తల్లి నాకితేనే వస్తుంది. పాలు పట్టిన ప్రతిసారీ గోరువెచ్చటి నీళ్లలో దూది ముంచి, పిండి, తోక కింద మెల్లగా అద్దాలి. మొదటిసారి ఏమీ జరగలేదు. నేను గట్టిగా రుద్దుతున్నానేమోనని భయపడి ఆపేశాను. మళ్లీ మొదలుపెట్టి, నాలుక ఆడినట్టు చిన్నగా, అదే పనిగా అద్దుతూ ఉంటే ఒక నిమిషానికి వెనక కాళ్లు బిగుసుకున్నాయి, దూది పసుపెక్కింది, వేళ్లకి వెచ్చగా తగిలింది. "పోసింది!" అని నేను అరిచిన అరుపుకి ఇల్లంతా వంటగదిలోకి వచ్చేసింది. పది రోజుల పాటు ఆ పని చేశాను.

రోజూ ఉదయం వంటింటి కాటా మీద స్టీలు గిన్నె పెట్టి బరువు చూసి క్యాలెండర్ మీద రాసేదాన్ని. మొదటి రెండు రోజులూ తగ్గి 250కి వచ్చినప్పుడు చాలా టెన్షన్ పడ్డాను. విరేచనాలు ఆగాక రోజుకి 10 నుంచి 15 గ్రాములు పెరగడం మొదలైంది, పన్నెండో రోజుకి 370. పైకి చూస్తే పిల్ల ఎప్పుడూ బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది, తేడా ముందుగా తెలిసేది కాటా మీదే. కొత్తగా పిల్లని తెచ్చుకునే వాళ్లెవరు అడిగినా నేను మొదట చెప్పే మాట ఇదే: క్యాలెండర్ మీద బరువు రాయండి.

నాలుగు వారాలు దాటాక దొడ్డికి దానంతట అదే మూల వెతుక్కోవడం మొదలుపెట్టింది. జల్లెడ పట్టిన ఇసుక ఒక ప్లాస్టిక్ ట్రేలో పోసి పెడితే రెండు రోజుల్లో నేర్చుకుంది. ఇసుకకి బదులు ట్రేలో పోసే లిట్టర్‌లో తడి తగిలితే గడ్డకట్టే రకం పిల్లిపిల్లలకి వద్దన్నారు డాక్టరు గారు, తినేస్తే కడుపులో గడ్డకడుతుంది. నులిపురుగుల మందు రెండు వారాలకోసారి బరువుని బట్టి డాక్టరు గారే వేశారు. బొచ్చులో ఫ్లీస్, అంటే రక్తం పీల్చే చిన్న పురుగులు ఉన్నాయి. పక్క ఫ్లాట్ వాళ్లు తమ కుక్కకి వాడే మందు ఇవ్వబోయారు. డాక్టరు గారిని అడిగి చూడడం మంచిదైంది. కుక్కల మందుల్లో పెర్మెత్రిన్ అనే రసాయనం ఉంటే అది పిల్లి ప్రాణం తీస్తుందట. సన్నపళ్ల దువ్వెనతో దువ్వి, సబ్బునీళ్లలో ముంచుతూ మొత్తం తీసేశాను.

ఇంట్లో మానేసినవి కొన్ని ఉన్నాయి. అత్తయ్య ప్రతి శుక్రవారం ఫినాయిల్‌తో ఇల్లు తుడిపించేవారు. పిల్లి తడి నేల మీద నడిచి పాదాలు నాక్కుంటుంది, అందులోని ఫినాల్ అనే రసాయనాన్ని దాని కాలేయం విరిచేయలేదు. అదే కారణంతో ఒక్క పారాసెటమాల్ మాత్ర కూడా పిల్లిని చంపగలదు. ఇప్పుడు ఉప్పునీళ్లతో తుడుస్తున్నాం, బీరువాలో కలరా ఉండలు తీసేశాం. బాల్కనీకి వల కట్టించాం.

తిండి దగ్గర మాత్రం అత్తయ్యతో వారం రోజులు వాదన జరిగింది. వాళ్ల పుట్టింట్లో పిల్లులన్నీ పెరుగన్నం తినే పెరిగాయట. అవి బయట ఎలకల్ని కూడా పట్టుకునేవి, ఇంట్లో ఉండే పిల్లికి ఆ వీలు లేదు. టారిన్ అనే పదార్థాన్ని పిల్లి తన ఒంట్లో చాలినంత తయారు చేసుకోలేదు, మాంసం నుంచే రావాలి. అది తగ్గితే కళ్లు దెబ్బతింటాయి, గుండె కండరం బలహీనపడుతుంది. గుండె సంగతి 1987లో పరిశోధకులు తేల్చాక పిల్లుల మేతలో దాన్ని పెంచారు. ఇది వివరంగా చెప్పాక ఆవిడ ఒప్పుకున్నారు. ఉప్పు, ఉల్లి, వెల్లుల్లి లేకుండా ఉడికించిన కోడిమాంసం, పిల్లిపిల్లల మేతా కలిపి పెట్టాం.

ఏడో వారంలో ఆటలో మా అమ్మాయి వేలు కొరికింది. చిన్న గాటే, కానీ పిల్లికి ఇంకా ఒక్క టీకా కూడా పడలేదు. సబ్బుతో పారే నీళ్ల కింద పదిహేను నిమిషాలు కడిగి, ఆ సాయంత్రమే ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకెళ్లాను. రేబిస్ టీకా ఉచితంగానే వేశారు. ఆ రోజు, మూడో రోజు, ఏడో రోజు, ఇరవై ఎనిమిదో రోజు. చిన్నపిల్లేగా అని ఎంతమంది అన్నా నేను వినలేదు. అప్పటి నుంచి చేత్తో ఆడించడం మాని, తాడు కట్టిన గుడ్డముక్కతోనే ఆడిస్తున్నాం.

చింతపిక్కకి 8 వారాలకి మొదటి టీకా, 12కి రెండోది, దానితోపాటు రేబిస్, 16కి మూడోది పడ్డాయి. ఆరో నెలలో పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించాం. రెండు రోజులు నా దిండు పక్కనే పడుకుంది.

ఫిబ్రవరిలో ఆ తల్లిపిల్లి మళ్లీ అదే కూలర్‌లో ఈనింది. ఈసారి నాలుగు. రోజూ సాయంత్రం అత్తయ్య దానికి తిండీ నీళ్లూ పెట్టి వస్తున్నారు, పిల్లల్ని ఎవరూ ముట్టుకోవడం లేదు. పిల్లలు పాలు మరిచాక తల్లిని ఆపరేషన్‌కి తీసుకొస్తానని డాక్టరు గారికి చెప్పి ఉంచాను. దాన్ని పట్టడానికి బోను కూడా ఆయనే ఇస్తానన్నారు.