బల్లార్షా నుంచి లేహ్‌కు: ఎత్తుకు ఒళ్ళు అలవాటు పడిన తీరు

బల్లార్షా ఎండలకు తాళలేక 2019 మే నెలాఖరున నేను, మా ఆవిడ, మా బావమరిది లడఖ్ ప్రయాణం పెట్టుకున్నాము. తెలంగాణ ఎక్స్‌ప్రెస్‌లో ఢిల్లీ చేరి, మరునాటి తెల్లవారుజామున లేహ్ విమానం ఎక్కాము. సుమారు 200 మీటర్ల ఎత్తున బతికేవాళ్ళం గంటన్నరలో 3,500 మీటర్ల ఎత్తున దిగబోతున్నామన్నది అప్పటికి మాకు కాగితం మీది లెక్కగానే తోచింది.

ఆ లెక్క మాకు అర్థమైంది సకినాల వల్ల. ఊళ్ళో సీలు వేయించి తెచ్చుకున్న కవర్లు, హోటల్ గదిలో సంచి తెరిచేసరికి దిండ్లలా ఉబ్బి ఉన్నాయి. గాలిలో ఆక్సిజన్ పాలు అక్కడా 21 శాతమే అయినా, గాలి పీడనం సముద్రమట్టంతో పోలిస్తే ఇంచుమించు మూడింట రెండు వంతులే కావడం వల్ల, ఒక్కొక్క శ్వాసకు అందే ఆక్సిజన్ ఆ మేరకు తగ్గిపోతుంది. నీళ్ళు సుమారు 88 డిగ్రీలకే మరిగే ఆ చోట, మా ఆవిడ ముచ్చటపడి తెచ్చిన చిన్న ఎలక్ట్రిక్ కుక్కరులో అన్నం ఎంతసేపటికీ పలుకుగానే ఉండిపోయింది.

ఇవన్నీ కళ్ళారా చూసి కూడా, ఒంట్లో బాగానే ఉందన్న ధీమాతో ఆ సాయంత్రమే శాంతి స్తూపం మెట్లెక్కడం మా తెలివితక్కువతనం. రాత్రి పదకొండింటికి బావమరిదికి తల పగిలిపోయే నొప్పి, వాంతులు మొదలయ్యాయి. ఆసుపత్రిలో ఆక్సిజన్ పెట్టి, రెండు రోజులు గది దాటవద్దన్నారు. ఎత్తు ప్రదేశాల్లో వచ్చే ఈ జబ్బును నివారించే డైమాక్స్ మాత్రల సంగతి ఊళ్ళోనే డాక్టరును అడిగి ఉండవలసింది. బయటి రాష్ట్రాల ప్రీపెయిడ్ సిమ్‌లు అప్పట్లో అక్కడ పనిచేసేవి కావు కనుక, ఇంటికి కబురు చెప్పడానికి హోటలువారి ఫోనే దిక్కయింది.

మూడో రోజున పాంగాంగ్ సరస్సుకు బయలుదేరబోతే డ్రైవరు వద్దని, ముందు నుబ్రా లోయకు వెళ్దామన్నాడు. పాంగాంగ్ 4,200 మీటర్లకు పైన ఉంటుంది. నుబ్రాలోని డిస్కిట్ లేహ్ కంటే దిగువన ఉంటుంది. దారిలో 5,359 మీటర్ల ఖార్దుంగ్ లా కనుమ దాటవలసి వచ్చినా, అక్కడ పావుగంటకు మించి ఆగకుండా దిగిపోయి, తక్కువ ఎత్తున నిద్రపోవడమే ముఖ్యమని అతని వాదన. కనుమ మీద మా చివరి సకినాల కవరు సంచిలోనే పగిలింది. డిస్కిట్ చేరాక నలుగురం వాటిని ఏరుకుని తిన్నాము. రెండు రోజులుగా గంజి తప్ప ముట్టని బావమరిది వాటిలో సగం తానే తిన్నాడు.