ఇన్వర్టర్ కొనేముందు బ్యాటరీ వైపు లెక్క చూడండి

క్యాంపర్ వ్యాన్‌కో, కరెంటు లైను రాని చోట కట్టుకున్న గదికో ఇన్వర్టర్ పెట్టాలనుకుంటే అందరూ మొదట అడిగేది ఎన్ని వాట్లది తీసుకోవాలని. ఆ లెక్క వెయ్యాల్సిందే. కానీ ఆ వాట్లను మీ బ్యాటరీ ఇవ్వగలదా, మధ్యలో ఉన్న కేబుల్ మొయ్యగలదా అన్నది తేలకుండా పెద్ద ఇన్వర్టర్ తెచ్చుకుంటే డబ్బు దండగ, పైగా ప్రమాదం.

లోడ్ లెక్కలో అన్ని వస్తువులనూ కూడక్కర్లేదు. ఒకేసారి నడిచేవి కూడితే చాలు. మైక్రోవేవ్ ముందు 800 వాట్లని రాసి ఉంటే అది ఆహారానికి అందే శక్తి. అది ప్లగ్ నుంచి లాగేది 1200 వాట్ల పైనే ఉంటుంది, వెనక ప్లేటు మీద ఇన్‌పుట్ అని ఉన్న అంకె చూడండి. ఫ్రిజ్, నీళ్ల పంపు లాంటి మోటారు వస్తువులు స్టార్టయ్యే క్షణంలో మామూలు కంటే 3 నుంచి 7 రెట్లు లాగుతాయి. అందుకని ఇన్వర్టర్ డబ్బా మీద సర్జ్ (కాసేపు మాత్రమే ఇవ్వగల గరిష్ఠ శక్తి) 4000 అని పెద్దక్షరాల్లో ఉంటే, ఎంతసేపు అని అడగాలి. తేలికగా ఉండే హై ఫ్రీక్వెన్సీ రకాల్లో చాలావాటికి అది కొన్ని మిల్లీసెకన్లే, కంప్రెసర్ తిరగడం మొదలయ్యేలోపే ట్రిప్పవుతాయి. లోపల బరువైన టొరాయిడ్ ట్రాన్స్‌ఫార్మర్ ఉన్నవి కొన్ని సెకన్లు నిలబడతాయి. బరువు ఎక్కువైనా మోటార్లుంటే నేను చెప్పేది వాటినే.

పేరులోని అంకె కూడా వాట్లు కాకపోవచ్చు. విక్ట్రాన్ కంపెనీ ఇన్వర్టర్ మల్టీప్లస్ 12/3000 చూడండి. అందులో 3000 అన్నది వోల్ట్ ఆంపియర్లు. వాట్లలో 25 డిగ్రీల వేడి దగ్గర 2400, 40 డిగ్రీల దగ్గర 2200. డేటాషీటులో స్పష్టంగానే ఇచ్చారు. వేడికి ఎంత తగ్గుతుందో చెప్పని డేటాషీటును నమ్మకండి, ఎండలో నిలిపిన వ్యాన్‌లో సీటు కింద 40 డిగ్రీలు దాటడం మామూలే.

ఇప్పుడు అసలు సంగతి. 12 వోల్టుల బ్యాటరీ మీద 2000 వాట్లు నడపాలంటే, 90 శాతం ఎఫిషియెన్సీతో, సుమారు 185 ఆంపియర్లు. బీఎంఎస్ (బ్యాటరీ లోపల దాన్ని కాపాడే సర్క్యూట్) 100 ఆంపియర్లకు పరిమితమైన 100 ఏహెచ్ (ఆంపియర్ అవర్లు) లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ ఒక్కటే ఉంటే, దాని నుంచి వచ్చేది 1280 వాట్లు, ఏసీ వైపు దాదాపు 1150. అంతకు మించి లాగితే బీఎంఎస్ కట్ చేసి అంతా ఒక్కసారిగా ఆరిపోతుంది, జనం ఇన్వర్టర్ పాడైందనుకుంటారు. రెండు బ్యాటరీలు పారలల్‌గా పెడితే ప్లస్ ఒకదాని నుంచి, మైనస్ రెండోదాని నుంచి తీసుకోండి, లోడ్ సమంగా పంచుకుంటాయి. లెడ్ యాసిడ్ అయితే ఇంకా ఇబ్బంది. దాని ఏహెచ్ లెక్క 20 గంటల మీద నెమ్మదిగా ఖాళీ చేస్తే వచ్చేది. 100 ఏహెచ్ దాని నుంచి 100 ఆంపియర్లు లాగితే సగం కూడా చేతికి రావడం కష్టం. లోపల ఛార్జ్ ఉన్నా వోల్టేజీ పడిపోయి ఇన్వర్టర్ అలారం కొడుతుంది.

కేబుల్ కూడా ఈ 185 ఆంపియర్లకే. బ్యాటరీకి ఇన్వర్టర్‌కి మధ్య 1.5 మీటర్లుంటే, రానూపోనూ 3 మీటర్ల రాగి. 70 స్క్వేర్ ఎంఎం వేస్తే దాదాపు 0.14 వోల్టులు పోతాయి. 25 వేస్తే 0.39 వోల్టులు, 70 వాట్లకు పైగా వేడి ఆ వైరులోనే. ఇన్వర్టర్‌తో పాటు డబ్బాలో వచ్చే సన్నని వైర్లను చూసి మోసపోకండి. దూరం పెంచాల్సి వస్తే 230 వోల్టుల వైపు పెంచండి, డీసీ వైపు, అంటే బ్యాటరీ వైపు కాదు. 2000 వాట్లు దాటుతుంటే కొత్తగా కట్టేవాళ్లు 24 వోల్టులకు వెళ్లడం మేలు, కరెంటు సగమవుతుంది. లైట్లు, ఫ్యాన్లకు 24 నుంచి 12 కన్వర్టర్ ఒకటి అదనం.

ఫ్యూజు ప్లస్ వైరు మీద, బ్యాటరీకి జానెడు దూరంలోపే ఉండాలి. 185కి పావు వంతు కలిపితే 231, కాబట్టి 250 ఆంపియర్లది, కేబుల్ ఆ మాత్రం మోసేదై ఉండాలి. లిథియం అయితే క్లాస్ టీ రకమే. షార్టయితే లిథియం బ్యాటరీ వేల ఆంపియర్లు వదులుతుంది. క్లాస్ టీ 20,000 ఆంపియర్ల దాకా తెంచగలదు. మామూలుగా వాడే మెగా రకం ఫ్యూజుకు ఆ హద్దు 32 వోల్టుల దగ్గర 2000 ఆంపియర్లే, అంతకు మించితే ఫ్యూజు పోయినా లోపల ఆర్క్ (ఖాళీలో దూకే నిప్పు) ఆగకపోవచ్చు.

లగ్గును (కేబుల్ చివర తొడిగే లోహపు ముక్క) సుత్తితో కొట్టి నొక్కొద్దు, హైడ్రాలిక్ క్రింపరే వాడండి. బోల్టు దగ్గర లగ్గు నేరుగా టెర్మినల్‌కి తగలాలి, వాషర్ దాని పైన రావాలి. వాషర్ మధ్యలో ఇరికిస్తే కరెంటంతా దాని గుండా పోయి కాలిపోతుంది. కాలిపోయిన టెర్మినల్ కనిపిస్తే ముందు ఇదే చూడాలి.

మొదటిసారి కలిపేటప్పుడు టప్‌మని నిప్పురవ్వ రావడం ఇన్వర్టర్ లోపలి కెపాసిటర్లు నిండడం వల్ల. దానికే బీఎంఎస్ షార్టనుకుని కట్ చేయొచ్చు. ఇన్వర్టర్ స్విచ్ ఆపి ఉంచి, 40 ఓమ్‌ల 10 వాట్ల రెసిస్టర్ గుండా కొన్ని సెకన్లు తాకించి, ఆ తర్వాత కలపండి.

ఇంటి కరెంటులా నున్నటి అలగా ఇచ్చే ప్యూర్ సైన్ వేవ్ ఇన్వర్టర్ తప్ప వేరేది వద్దు. మెట్లు మెట్లుగా ఇచ్చే మోడిఫైడ్ సైన్ మీద మోటార్లు వేడెక్కి గుర్రుమంటాయి, మైక్రోవేవ్ సరిగా ఉడికించదు, కొన్ని చిన్న ఛార్జర్లు కాలిపోతాయి.

ఖాళీగా ఆన్‌లో ఉన్నా ఇన్వర్టర్ తింటుంది. 20 వాట్లయితే రోజుకు 480 వాట్ అవర్లు, 12 వోల్టుల మీద 40 ఏహెచ్. పెద్దదెప్పుడూ మంచిదే అనుకునేవాళ్లకు ఇదే దెబ్బ. ఫోను, ల్యాప్‌టాప్, ఫ్రిజ్ నేరుగా డీసీ మీద నడిపి, ఇన్వర్టర్‌ను అవసరమైనప్పుడే వేసుకోవడం ఉత్తమం.

ఎర్తింగ్ విషయంలో తొందరపడకండి. ఇన్వర్టర్ అవుట్‌పుట్‌లో న్యూట్రల్ ఎర్త్‌కి కలవకపోతే, లీకయిన కరెంటుకు తిరిగి వచ్చే దారి ఉండదు, కరెంటు లీకయితే ఆపేసే ఆర్‌సీసీబీ స్విచ్ ట్రిప్పవదు. ఆ జోడింపు ఒక్కచోటే ఉండాలి. బయటి కరెంటుకు ప్లగ్ పెట్టగానే లోపలిది విడిపోవాలి. ఇన్వర్టర్ ఛార్జర్లలో చాలావాటికి ఈ రిలే లోపలే ఉంటుంది. చవక రకాల్లో కొన్నింటికి న్యూట్రల్‌ను ఎర్త్‌కి కలిపితే ఇన్వర్టరే పోతుంది, మాన్యువల్ చూడకుండా ముట్టుకోవద్దు.

అంతా బిగించాక పూర్తి లోడ్ వేసి పావుగంట నడపండి. బ్యాటరీ టెర్మినళ్ల దగ్గరొకసారి, ఇన్వర్టర్ టెర్మినళ్ల దగ్గరొకసారి వోల్టేజీ కొలవండి. తేడా 0.3 వోల్టులు దాటితే మల్టీమీటర్‌ను మిల్లీవోల్టులకు పెట్టి, ఫ్యూజు, ఐసొలేటర్ (బ్యాటరీని విడదీసే స్విచ్), ఒక్కో లగ్గు అటూ ఇటూ విడివిడిగా చూడండి. అన్నిటికంటే ఎక్కువ అంకె చూపించిన జాయింటును విప్పి, శుభ్రం చేసి, మళ్లీ బిగించి కొలవండి.